దలా! నిన్ను ఊరేగించే పిచ్చివాడేడీ?

న్యూయార్కు నగరానికి ఒక పిచ్చి ప్రియుడు దొరికాడు, దలా! చిక్కులు పడ్డ చింపిరి జుట్టూ, ముక్కులోంచి మోగే మొండి గొంతూ, నిలకడ ఎరగని చేతులూ, నిద్ర ఎరగని కన్నులూ. సొంత గూడంటూ లేక స్నేహితుల సోఫాల మీద సొమ్మసిల్లే సంచారి. పొద్దెక్కేసరికి రెండంతస్తుల టూరు బస్సెక్కి, మైకు చేతబట్టి, ఆ మహానగరాన్ని మంత్రంలా, మంగళహారతిలా, మారాంలా, మందలింపులా వల్లించే వందిమాగధుడు. పేరు తిమొతీ లెవిచ్. లోకం పిలుచుకునే పేరు 'స్పీడ్'. ఉరుకుల పరుగుల ఊరికి నిదానంగా చూడటం నేర్పిన మనిషికి ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, గట్టి కొంటెవాళ్ళే. బెనెట్ మిల్లర్ అనే యువకుడు చిన్న వీడియో కెమెరా పుచ్చుకుని, తానే దర్శకుడై, తానే ఛాయాగ్రాహకుడై, అతని వెంట నీడలా తిరిగి, 1998లో 'ద క్రూజ్' అనే నలుపు తెలుపుల డాక్యుమెంటరీని జనం ముందు పెట్టాడు. చూస్తున్నంతసేపూ నా మనసు మురిసింది. ముగిసిన మరుక్షణం మూగగా నీ వైపు మళ్ళింది. ఆకాశహర్మ్యాల ఆ అలకాపురికి అంతటి ఆశుకవి అండగా నిలిచాడే, మరి బర్మాలో, యాంగోన్ నదికి ఆవలి ఒడ్డున, యాంగోన్ అని పేరు మారిన రంగూను అక్కగారి ఆభరణాల ధగధగల ముందు వెలవెలబోతూ, బురదలో పాదాలు ముడుచుకుని కూర్చున్న నీకెవరున్నారు?

దలా! ఓ దలా! నిన్ను ఊరేగించే పిచ్చివాడేడీ?

ఆ చిత్రంలో కథ లేదు, కథానాయిక ఉంది. ఆమె నగరం. ఆమె మీద అతడు అలుగుతాడు, ఆమెను బుజ్జగిస్తాడు, ఆమె నిర్దయను నిలదీస్తాడు, మళ్ళీ ఆమె ముంగిట మోకరిల్లుతాడు. బ్రూక్లిన్ వంతెనను ప్రాణసఖుణ్ణి పలకరించినట్టు పలకరిస్తాడు. మన్‌హాటన్ వీధులను 1811లో గళ్ళుగళ్ళుగా గీసి పారేసిన పథకం మీద, ఆ గీతలు గీసినవాడు ఇంకా ఎదురుగా నిలబడి ఉన్నాడా అన్నంత కోపంతో విరుచుకుపడతాడు. గ్రెనిచ్ విలేజ్ మలుపుల్లో బస్సు వంకర తిరుగుతుంటే, ఈ కిటికీ వెనక ఫలానా కవి, ఆ మెట్ల మీద ఫలానా నవలాకారుడు, ఆ మూల ఫలానా మహానుభావుడని, ఊపిరి తిప్పుకోకుండా, సహస్రనామార్చనలా పేర్లు కురిపిస్తాడు. పై అంతస్తులో కూర్చున్న యాత్రికులు కొందరు నవ్వుతారు, కొందరు నివ్వెరపోతారు, కొందరు ఆవులిస్తారు. అతనికి ఆ మూడూ ఒకటే. ఒకచోట ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట సౌధాల నడుమ నిలిచి, గిరగిర గిరగిర తిరిగి, తల తిరుగుతుండగా తలెత్తి పైకి చూసి, ఆకాశమంత ఎత్తున ఆ రెండు శిఖరాలూ తన మీదికి ఒరిగి వస్తున్నట్టు తోచే మైకాన్ని మధువులా తాగుతాడు. మూడేళ్ళు తిరగలేదు, 2001 సెప్టెంబరులో ఆ శిఖరాలు నిజంగానే నేలకొరిగాయి. ఇప్పుడు ఆ దృశ్యం చూసేవాడికి గుండె కాసేపు కొట్టుకోవడం మానేస్తుంది. ఆ గోపురాలు పోయినా వాటి చుట్టూ ఒక మనిషి తిరిగిన మైకం మిగిలింది. ప్రేమించినవాడు ఒకడుంటే పోయినదానికి కూడా ఒక ఛాయాదేహం దక్కుతుంది.

నాకు ఆ చిత్రం మీద ఒకే ఒక్క ఫిర్యాదు. అది నీది కాదు.

నీకేమి తక్కువ, దలా? పాన్‌సొడాన్ రేవులో పడవెక్కితే పట్టుమని పది నిమిషాల్లో నీ గడప. 2014లో జపాను దేశం కానుకగా ఇచ్చిన 'చెర్రీ' పడవల మీద, తెల్లవారింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా, బతుకుతెరువు మోసుకుంటూ జనం అటు పోతూనే ఉంటారు, ఇటు వస్తూనే ఉంటారు: తలమీద తట్టలు, చంకన పిల్లలు, చెక్కిళ్ళ మీద చందనంలా పూసుకున్న థనాకా, పెదవుల మీద కిళ్ళీ ఎరుపు. పై డెక్కు మీద బొమ్మల కొలువుకు తెచ్చారా అన్నంత చిన్న ప్లాస్టిక్ పీటలు అద్దెకు. పీట పీటకూ నడుమ దూరుతూ కౌజుపిట్ట గుడ్లమ్మే పిల్లాడు, కమలాలమ్మే అవ్వ, చుట్టలమ్మే తాత. శీతాకాలమైతే, ఎవరు విసిరిన చిరుతిండి కోసమో, నదిని తెల్లగా తుడిచేస్తూ కెరటాలు కెరటాలుగా వచ్చి వాలే సముద్రపు కాకుల కేరింత. నడినదిలో ఒక్కసారి వెనుదిరిగితే, నగరపు నలుపు మీద, మబ్బు గర్భాన మెరిసిన మేలిమి మొగ్గలా ష్వెడగాన్ స్తూపం. ఆ పది నిమిషాలూ నది ఒక నాట్యశాల, నావ ఒక నర్తకి, జనం ఒక జానపదం. ఆ నాట్యశాలకు సూత్రధారుడొక్కడే కరువు!

పడవ దిగీ దిగగానే నిన్ను చూపిస్తామని చుట్టుముట్టేవాళ్ళు లేకపోలేదు. సైకా బండ్ల వాళ్ళు! సైకిలుకు పక్కన అతికించిన రెండు చిన్న కుర్చీలు, ఒకటి ముందుకు ముఖం పెట్టి, ఒకటి వెనక్కు ముఖం పెట్టి. ఒకే బండిలో ఒకడు రానున్నదాన్ని చూస్తాడు, ఒకడు పోయినదాన్ని చూస్తాడు. నాకు ఆ వెనకవైపు కుర్చీ అంటేనే ఇష్టం. 'చేపల పల్లె చూపిస్తా, వెదురు వాడ చూపిస్తా, పాముల గుడి చూపిస్తా' అని వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్ళు వెంటపడే వైనం విసుగనీ, వాళ్ళలో జిత్తులమారులున్నారనీ, చెప్పిన కిరాయి ఒకటి, తీసుకునేది ఒకటనీ యాత్రికులు వాపోవడం నేనెరుగుదును. కానీ, దలా, నిన్ను చూపిస్తానన్నవాళ్ళు వాళ్ళే! 2020లో మహమ్మారి, 2021 ఫిబ్రవరి 1న సైనికుల తిరుగుబాటు. రేవులో విదేశీ ముఖం అరుదైపోయింది, వెనక్కు తిరిగిన కుర్చీలో కూర్చునేవాడు కరువయ్యాడు. ఆ అరకొర గొంతులూ అణగారిపోయాయి.

దలా! ఓ దలా! నిన్ను ఊరేగించే పిచ్చివాడేడీ?

లెవిచ్‌ను ఒక్కసారి రంగూనుకు తీసుకురావాలని నా వెర్రి కోరిక. అక్కడా అతను తిట్టే గళ్ళే! రెండో ఆంగ్లో-బర్మా యుద్ధం 1852లో ముగిసిందో లేదో, అలెగ్జాండర్ ఫ్రేజర్ అనే సైనిక ఇంజనీరు, సూలే స్తూపాన్ని నడిబొడ్డున నిలిపి, చిత్తడి నేల మీద చదరంగపు బల్ల పరిచినట్టు వీధులు గీశాడు. వీధులకు పేర్లు చాలక అంకెలు పెట్టారు. ఆ గళ్ళ మీదే స్ట్రాండ్ రోడ్డు సౌధాలు లేచాయి, బ్యాంకులు లేచాయి, హైకోర్టు గడియార స్తంభం లేచింది. ఆ సౌధాలకు ఇప్పుడు కాస్తో కూస్తో కాపరులున్నారు. 2012లో పుట్టిన యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు గోడలకు నీలి ఫలకాలు తాపడం చేసింది, జనాన్ని వెంటబెట్టుకుని వీధులు చూపించింది. మంచిదే. మనసారా నమస్కరిస్తాను. కానీ ఆ ఫలకాల నీలి వెలుగు నది దాటలేదు. నీకు గళ్ళూ లేవు, గడియార స్తంభమూ లేదు; వంకలు తిరిగే దారులు, వానకు వణికే వెదురు తడికలు, తామరాకుల చెరువులు, తట్టుకోలేని తుపానులు. గళ్ళను తిట్టడానికి పుట్టిన ఆ గంధర్వుడు నీ గజిబిజిని చూసి గంతులు వెయ్యడూ?

ఇక నీ నౌకాశాల! దాని ముంగిట నిలబడితే నాకు మాట రాదు, మంత్రం రావాలి. 1865లో పుట్టిన ఐరావతీ ఫ్లోటిల్లా కంపెనీ, స్కాట్లండ్‌లో క్లైడ్ నది ఒడ్డున పోతపోసిన ఓడల అవయవాలను విడివిడిగా సంద్రం దాటించి, నీ ఒడిలో ఒకటొకటిగా అతికించి, బాయిలరుకు ప్రాణం పోసి, బర్మా నదుల మీదికి వదిలేది. ఇనుము మీద ఇనుము, రివెట్టు మీద సమ్మెట, కొలిమిలో కణకణ, గొలుసుల్లో గలగల. నావలను కని నదికి ఇచ్చే నవమాసాల నొప్పుల నాదమే నీ నాదం. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఆ కంపెనీకి ఆరు వందలకు పైచిలుకు నావలుండేవి. భూగోళం మీద అంతటి నదీ నౌకాదళం మరొకటి లేదు. 1942లో జపాను సేనలు ముంచుకొస్తుంటే, శత్రువు చేతికి చిక్కరాదని, కన్నవాళ్ళే తమ బిడ్డలను నీట ముంచారు. వందలాది నావలు కన్నవాళ్ళ చేతులతోనే తూట్లు పొడిపించుకుని, ఐరావతి అడుగున ఐహికం చాలించాయి. నీ కొలిమి మీద చల్లారిన బూడిదను ఎవరు పిడికిట పట్టారు? నీ కన్నకడుపు కోతను ఎవరు కథగా కట్టారు?

నీకొక తోబుట్టువుంది, దలా, నీకు తెలుసో తెలియదో. గోదావరి కడలిలో కలిసే మలుపున కోరంగి. ఆమె కూడా ఓడలు కట్టింది, ఓడలకు గాయాలు మాన్పింది, ఒకనాటి తూర్పు తీరానికి ఒడ్డాణమై వెలిగింది. 1789లో ఒక ఉప్పెన ఆమెను ఊడ్చేసింది, లేచి నిలబడింది. 1839లో మరొక ఉప్పెన వచ్చింది, ఈసారి లేవలేదు. ఇప్పుడక్కడ మడ చెట్ల మౌనం, అలల గొణుగుడు, కొంగల ధ్యానం. మునిగిపోయిన ఆ రేవు పేరే బర్మాలో మనవాళ్ళ పేరైంది. శ్రీకాకుళం నుంచి వచ్చినా, విశాఖ నుంచి వచ్చినా, తెలుగు కూలీ ప్రతి ఒక్కడూ తెల్లదొరల కాగితాల్లో 'కోరంగి'యే. చచ్చిపోయిన ఊరు తన పేరును బిడ్డల నుదుట బొట్టులా పెట్టి పంపినట్టు! ఆ బొట్టుతోనే వాళ్ళు వచ్చారు. కాకినాడ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో దూరాన లంగరేసిన స్టీమరు దాకా పడవల్లో ఊగుతూ పోయి, అమ్మ కట్టిచ్చిన చద్దిమూటలు ఉప్పునీట తడిసిపోతుండగా, డెక్కు మీద గొడ్ల మందలా ఒరుసుకుంటూ, మేస్త్రీ ఇచ్చిన బయానా మెడకు బండలా వేలాడుతుండగా వచ్చారు. 'రంగం పోయాడు' అంటే రంగూను పోయాడని; ఇంట్లో ఇల్లాలికి సగం ఆశ, సగం వైధవ్యం. ధాన్యం మిల్లుల్లో దుమ్ము మింగారు, రేవుల్లో బస్తాలు మోశారు, రిక్షాకు గుర్రాలయ్యారు, నగరపు మురుగును చేతులతో ఎత్తారు. 1931 జనగణన నాటికి రంగూనులో సగానికి పైగా జనం హిందూదేశపు వాళ్ళే. ఆ జనసంద్రంలో తెలుగు ఒక పెను కెరటం.

ఆ కెరటం ఎలా విరిగిందో నీ నది చూసింది. 1930 మే నెల: మొదట పెగూ భూకంపం నేలను చీల్చింది, నెల దాటకుండానే ద్వేషం మనుషుల్ని చీల్చింది. కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తెచ్చారు. సమ్మె తీరి పాతవాళ్ళు పనికి రాగా కొత్తవాళ్ళను పొమ్మన్నారు. ఆకలి ఆకలి మీద పడింది. వందమందికి పైగా చనిపోయారు. పేదవాడి చేతికి పేదవాడి నెత్తురంటించి, పెట్టుబడి తన చేతులు కడుక్కుంది. నేను అలాగే అంటాను, ఎవరు కాదన్నా అలాగే అంటాను. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు. ఆ తర్వాత అరకాను దారుల్లో, అస్సాం కొండల్లో, జలగల చిత్తడిలో, లక్షల పాదాల పలాయనం. ఎందరు చేరారో తెలుసు, ఎందరు చేరలేదో అడవికే తెలుసు. మిగిలినవాళ్ళ మీద 1962లో సైనిక పాలన, 1964లో దుకాణాల జాతీయకరణ. చేతి సంచులతో ఓడలెక్కి వచ్చినవాళ్ళు విశాఖపట్నం కంచరపాలెం దగ్గర గుడిసెలు వేసుకుంటే, ఆ వాడ పేరు నేటికీ బర్మా క్యాంపు. అక్కడ పోయినదాని పేరు వాడకు పెట్టుకున్నారు. ఇక్కడ, నీ దగ్గర, పేరు పెట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

దలా! ఓ దలా! నిన్ను ఊరేగించే పిచ్చివాడేడీ?

ఇక్కడే నా గొంతు పట్టుకుంటుంది. లెవిచ్ చేతిలో పేర్లున్నాయి, దలా! కవుల పేర్లు, కథకుల పేర్లు, కట్టడాలు కట్టినవాళ్ళ పేర్లు; గోడ గోడకూ ఒక గ్రంథముంది, గుమ్మం గుమ్మానికీ ఒక గాథ ఉంది. అతని పిచ్చి గొప్పదే, కానీ ఆ పిచ్చికి ఒక గ్రంథాలయం తోడుంది. నిన్ను పాడబోయేవాడికి ఏముంది? మేస్త్రీ పద్దుల పుస్తకంలో అప్పన్నలు, లచ్చయ్యలు, సింహాచలాలు, బయానా బాకీల పక్కన వేలిముద్రలుగా మాత్రమే బతికారు; ఆ పుస్తకాలనూ చెదలు చదివేసింది. పాట లేదు, పటం లేదు, సమాధి మీద పేరు లేదు. పడవ దిగినవాడి పేరు ప్రయాణికుల పట్టీలో ఒక అంకె, పడవ ఎక్కనివాడి పేరు ఇంట్లో ఒక ఎదురుచూపు. అలాంటి ఊరిని చూపించాలంటే ఎంత వెర్రి కావాలి! లేని పేర్లను పిలవాలి, కనబడని గుమ్మం ముందు ఆగాలి, ఖాళీ కేసి చెయ్యి చాపి చూడండని అనాలి. మన కోస్తా ఇళ్ళలో బర్మా టేకు ద్వారబంధాలను తట్టి తట్టి గర్వంగా చూపిస్తారు. ఆ దుంగలను ఓడలకెత్తిన భుజాలను ఎవరైనా చూపించారా? కర్రకున్నంత గౌరవం కండకు దక్కలేదు.

నీ చెరువు దగ్గర ఒక నడిఎండ వేళను మాత్రం ఎవడైనా చూపిస్తే చాలు, నిన్ను చూపించినట్టే. నీ నేల అడుగు ఉప్పన. నదిని ఎదుట పెట్టుకుని నీవు దాహంతో చస్తావు. వేసవి ముదిరేసరికి, ఏప్రిల్లో, మే నెలలో, వాననీరు నిలిచిన ఆ తామర చెరువే నీ గొంతుకు గుక్కెడు నీరు. ఇష్టమొచ్చినప్పుడు ముంచుకోవడానికి లేదు. వేళ పెట్టి తలుపు తెరుస్తారు, మనిషికి రెండు బిందెలని కట్టడి. గడువు దాకా గట్టు మీద ఖాళీ బిందెల బారు. బిందెల వెనక నీడ కోసం ఒదిగిన పిల్లలు, లుంగీలు బిగించిన ముసలివాళ్ళు, జడ ముడివేసిన పడుచులు. తలుపు తెరిచారో లేదో, కావడి భుజాలకెక్కుతుంది, నీటిలోకి దిగుతారు, ఆకులను చేత్తో నెట్టి, బిందె నోటిని ఒక్క విసురుతో నీట ముంచి, మొలలోతు నుంచి పైకెత్తుతారు. కావడి బద్ద వంగుతుంది, వీపు వంగుతుంది, బిందె అంచున నీరు తొణికి, నడిచినంత మేరా దుమ్ములో నల్లని చుక్కల దారి పడుతుంది. ఆ చుక్కలు ఇల్లు చేరకముందే ఆరిపోతాయి. 2008 మేలో నర్గీస్ తుపాను వచ్చి, డెల్టా అంతటా లక్షా ముప్పై వేల మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్నప్పుడు, నీవు నీటిలో మునిగి నీటి కోసం ఏడ్చావు. ఉప్పెన ఊళ్ళను ముంచడం కోరంగికి తెలుసు; ఆమెనడుగు, ఆమె చెబుతుంది.

దలా! ఓ దలా! నిన్ను ఊరేగించే పిచ్చివాడేడీ?

నీ మెడలో మంగళసూత్రమో, ఉరితాడో తెలియనిదొకటి పడింది. కొరియా అప్పుతో రంగూనును నీతో ముడివేసే వంతెన. 2018 డిసెంబరులో శంకుస్థాపన. గాలిలో వీణలా తీగలు సాచిన వంతెన. కాదనడానికి నేనెవర్ని? నడిరాత్రి నొప్పులు వచ్చిన ఆడకూతురు పడవ లేక రేవులో కూలబడితే, నా కవిత్వం ఆమెకు కాన్పు చేస్తుందా? ఆవలి ఒడ్డున కూలికి పోయి, ఆఖరి పడవ తప్పిపోతుందని పరుగెత్తే అలసటకు నా అలంకారాలు అన్నం పెడతాయా? వంతెన కావాలి. కావాలని నోరారా అంటాను. అని, ఏడుస్తాను. ఎందుకంటే నది దాటడానికి పది నిమిషాలు పట్టినంత కాలం ఆ పది నిమిషాలూ నీవే. చక్రాలెక్కి చిటికెలో దాటిపోయేవాడికి నీవొక పేరు బోర్డువి, పెట్రోలు బంకువి, అంగుళాల్లో అమ్ముడుపోయే ఖాళీ జాగావి. న్యూయార్కు మీద ప్రేమతో లెవిచ్ చేసిన యుద్ధమంతా ఇదే: ఊరు దాటిపోయేవాణ్ణి ఊళ్ళో నిలబెట్టడం. వంతెన మీద ఎవడు నిలబడతాడు? కౌజుపిట్ట గుడ్ల పిల్లాడు ఏ కారు అద్దం తడతాడు? సముద్రపు కాకులు ఏ లారీ వెంట కేరింతలు కొడతాయి? నడినదిలో ఒక్కసారి వెనుదిరిగి చూడటానికి ఏ బస్సు డ్రైవరు బ్రేకు వేస్తాడు?

అయినా ఒకడు కావాలి, దలా! ఒక్కడు చాలు. విశాఖ బర్మా క్యాంపులో తాతమ్మ చెప్పిన కథల మీద పెరిగిన మనవడైనా సరే, నీ రేవులో ఎండకు మాడిన సైకా తొక్కే బర్మా తమ్ముడైనా సరే. తెలుగు రాకపోయినా ఫరవాలేదు, చరిత్ర చదవకపోయినా ఫరవాలేదు, జిత్తులమారి అయినా నేను క్షమిస్తాను. పిచ్చి ఉండాలి, నీ మీద పిచ్చి. వాడు రేవులో దిగినవాళ్ళ భుజాలు పట్టి తిప్పి, వెనక్కు తిరిగిన కుర్చీలో కుదేసి, తొక్కుతూ, రొప్పుతూ, అరుస్తూ చెప్పాలి: 'అటు కాదు బాబూ, ఇటు చూడండి! ఈ గోడ వెనక ఇనుము ఓడ అయ్యేది. ఆ బురదలో ఎవరో తన ఊరి పేరును అమ్మను పిలిచినట్టు పిలిచాడు. ఆ పేరు సముద్రంలో మునిగిపోయిన ఊరిది. ఇక్కడ ఆగండమ్మా. ఏమీ కనబడటం లేదా? కనబడదు. ఇక్కడ వెయ్యిమంది నిలబడి ఓడ కోసం చూశారు, వాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలియదు, అందుకే ఆపాను. దండం పెట్టండి, పెట్టకపోతే బండి కదలదు!' యాత్రికులు నవ్వనీ, నివ్వెరపోనీ, ఆవులించనీ. వాడు ఆగకూడదు. లేని పేర్లను పిలిచి పిలిచి గొంతు పోవాలి, చల్లారిన కొలిమి ముందు గిరగిర తిరిగి కళ్ళు తిరగాలి, కోరంగికీ నీకూ చుట్టరికం కలిపి, అడిగినవాడికీ అడగనివాడికీ వినిపించాలి. అబద్ధాలు కలుపుతాడా, కలపనీ. తిరుగు పడవ పోతోందని ఎవరైనా గడియారం చూసుకుంటే, వాడు కసురుకోవాలి: 'పోనీండి బాబూ, ఇంకోటి వస్తుంది! ముందు ఈ చెరువు గట్టు మీద కూర్చోండి. తలుపు తెరిచే వేళయింది.'